ఆర్‌సీ బైక్‌తో మొదటి రేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డల్లాస్ దగ్గర ఉంటాను. వారాంతాల్లో ఒక మట్టి ట్రాక్ మీద రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) మోటోక్రాస్ బైక్ రేసుల్లో పాల్గొంటాను. మోటోక్రాస్ అంటే గుట్టలు, జంప్‌లు ఉన్న మట్టి దారిలో నడిపే బైక్ రేసు. ఇక్కడి తెలుగు స్నేహితులు, ఊళ్ళో ఉన్న మా తమ్ముడూ వాడి స్నేహితులూ తరచూ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. మొదటి రేసుకు పేరిచ్చే ముందు నాకు ఎవరైనా ఇవి చెప్పి ఉంటే ఎంత బావుండేదో అనిపించి, తీరిగ్గా కూర్చుని రాశాను.

ఆర్‌సీ బైక్ అంటే బొమ్మల దుకాణంలో దొరికేదేనా?

కాదు. బొమ్మ బైకులకు పక్కన చిన్న చక్రాలు ఉంటాయి, లేకపోతే టైరు మరీ వెడల్పుగా ఉంటుంది. రేసు బైక్‌కి రెండే చక్రాలు. ఆయిల్ నింపిన సస్పెన్షన్, చైను, బ్రష్‌లెస్ మోటారు అన్నీ ఉంటాయి. ఏ భాగం విరిగినా విడిగా కొని మార్చుకోవచ్చు.

ఈ ఆట కొత్తదేమీ కాదు. 1980ల్లోనే జపాన్ కంపెనీ క్యోషో 'హ్యాంగ్ ఆన్ రేసర్' పేరుతో రోడ్డు బైకులు అమ్మింది. ఆ తర్వాత ఇటలీ కంపెనీ నువోవా ఫావోర్, తైవాన్ కంపెనీ థండర్ టైగర్ 1/5 సైజులో (అసలు బైక్‌లో ఐదో వంతు) తారు ట్రాక్ మీద పరుగెత్తే బైకులు చేశాయి. 2023లో అమెరికాలో లోసి కంపెనీ ప్రోమోటో ఎంఎక్స్ అనే 1/4 సైజు మోటోక్రాస్ బైక్ తెచ్చింది. దానితో ఇక్కడి మట్టి ట్రాక్‌లలో చాలాచోట్ల బైకులకు ప్రత్యేకంగా ఒక క్లాస్, అంటే విడి పోటీ విభాగం, మొదలైంది. నేను నడిపేది అదే, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా మట్టి ట్రాక్ గురించే.

రెండు చక్రాల మీద పడకుండా ఎలా నిలబడుతుంది? పైన మనిషి లేడు కదా?

నన్ను అందరూ మొదట అడిగేది ఇదే. చిన్నప్పుడు పాత సైకిల్ టైరును కర్రతో కొట్టుకుంటూ వీధుల్లో పరుగెత్తిన వాళ్ళకు సగం జవాబు ముందే తెలుసు. టైరు వేగంగా దొర్లుతున్నంతసేపూ నిటారుగా ఉంటుంది, వేగం తగ్గగానే ఊగి పడిపోతుంది. బొంగరం కూడా అంతే. వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు పక్కకు ఒరగడాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. అందుకే ఈ బైక్ లోపల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఒకటి ఉంటుంది. బైక్ మెల్లగా వెళ్తున్నా అది లోపల గిర్రున తిరుగుతూ బండిని నిలబెడుతుంది. దీనికి తోడు రిసీవర్‌లోని (బండిలో రిమోట్ సంకేతాలు అందుకునే భాగం) సెన్సర్లు బండి ఎటు ఒరుగుతోందో చూసి స్టీరింగ్‌ను క్షణక్షణం సవరిస్తుంటాయి. కొన్ని పాత రోడ్డు బైకుల్లో ఫ్లైవీల్‌ను వెనక చక్రంలోనే అమర్చారు.

మలుపు తిరగడం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సైకిల్ మీద కుడికి తిరగాలంటే హ్యాండిల్ నేరుగా కుడికి తిప్పేస్తాం అనుకుంటాం కానీ, నిజానికి ముందు చక్రం ఒక్క క్షణం కొద్దిగా ఎడమకు వెళ్తుంది. దాంతో బండి కుడికి వాలుతుంది. వాలిన తర్వాతే చక్రం కుడికి తిరిగి దాన్ని పడకుండా కాపాడుతుంది. మనకు తెలియకుండానే శరీరం చేసేసే పని ఇది. ఆర్‌సీ బైక్‌లో స్టీరింగ్ తిప్పే సర్వో అనే చిన్న మోటారు ఆ పని చేస్తుంది. మీరు చేతిలోని ట్రాన్స్‌మిటర్ (రిమోట్) మీదున్న చక్రాన్ని కుడికి తిప్పితే చాలు. కానీ తిప్పడానికీ, బండి వాలి తిరగడానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. రేసులో నేర్చుకోవలసినదంతా ఆ ఆలస్యంలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

ఆర్‌సీ కార్లు నడిపిన అనుభవం ఉంది. బైక్ కూడా వచ్చేసినట్టేనా?

ట్రాన్స్‌మిటర్ పట్టుకోవడం, బండి మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు కావడం మీకు అలవాటే కాబట్టి అంతవరకు లాభం. కానీ కారు అలవాట్లు కొన్ని బైక్‌ను పడేస్తాయి.

కారుకు మలుపు దగ్గరకొచ్చాక తిప్పుతాం. బైక్‌ను మలుపు రాకముందే వాల్చడం మొదలుపెట్టాలి. కారు మలుపులో గట్టిగా బ్రేక్ వేస్తే జారుతుంది, అంతే. బైక్ వాలి ఉండగా బ్రేక్ వేస్తే పడిపోతుంది. నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపంతా సన్నగా థ్రాటిల్ (వేలితో నొక్కే యాక్సిలరేటర్) ఇస్తూ వెళ్ళాలి. కొత్తవాళ్ళు మలుపు మధ్యలో భయపడి వేలు పూర్తిగా వదిలేస్తారు. బైక్ అక్కడే లోపలికి పడుతుంది. వాలిన బైక్‌ను లేపేది థ్రాటిలే. ఈ ఒక్కటి వేలికి అలవాటయితే సగం దారి వచ్చేసినట్టే.

పెట్టె విప్పి నేరుగా ట్రాక్‌కి తీసుకెళ్ళొచ్చా?

దయచేసి వద్దు. ఇంటి దగ్గర ఒక సాయంత్రం దీనికోసం పెట్టుకోండి. ముందు ఒక్కో స్క్రూ చూడండి. లోహంలోకి దిగే స్క్రూలను తీసి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క పెట్టి తిరిగి బిగించండి. ఫ్లైవీల్, మోటారు, చైను కలిసి పుట్టించే వణుకుకు జిగురు లేని స్క్రూ ఒక్క మధ్యాహ్నంలో ఊడిపోతుంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు మాత్రం అది పెట్టకూడదు. ప్లాస్టిక్ పాడవుతుంది.

చైను బిర్రుగా ఉండకూడదు, వేలాడకూడదు. వేలితో నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు కదలాలి. సస్పెన్షన్ పూర్తిగా కిందికి నొక్కినప్పుడు కూడా చూడండి, ఎందుకంటే నిలబెట్టినప్పుడు సరిగ్గా ఉన్న చైను నొక్కినప్పుడు బిగుసుకుపోవచ్చు. తర్వాత ట్రాన్స్‌మిటర్‌లో స్టీరింగ్ ట్రిమ్ సరిచేసుకోండి. చేయి వదిలేస్తే బండి తిన్నగా పోవాలి. థ్రాటిల్ పరిమితి మొదట్లో సగం దగ్గర పెట్టండి.

రేసుకు ముందు ఎంత ప్రాక్టీసు కావాలి?

ఇన్ని రోజులని చెప్పలేను, కానీ ఒక పరీక్ష చెప్పగలను. ఖాళీ స్థలంలో పదడుగుల దూరంలో రెండు చెప్పులు పెట్టండి. వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో వరుసగా పది చుట్లు పడకుండా తిప్పగలిగితే మీరు రేసుకు సిద్ధం. ఎనిమిదిలో కుడి, ఎడమ రెండూ వస్తాయి, మీ వైపు రావడం, దూరం పోవడం కూడా వస్తాయి. నాకు మూడు వారాంతాలు పట్టింది. ఎడమ మలుపులు తొందరగా వచ్చాయి కానీ కుడి మలుపులు చాలా ఇబ్బంది పెట్టాయి. చాలామందికి ఏదో ఒక వైపు బలహీనంగా ఉంటుంది. ఆ వైపునే ఎక్కువ తిప్పండి.

నేల ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. గడ్డి మీద చిన్న టైరు చిక్కుకుంటుంది. వదులు ఇసుకలో ముందు చక్రం పాతుకుపోతుంది. గట్టిగా అణిగిన మట్టి నేల మంచిది. ఊళ్ళో ఉన్నవాళ్ళకు వాన పడి ఆరిన స్కూలు గ్రౌండ్, నూర్పిళ్ళు అయిపోయాక ఖాళీగా ఉన్న కళ్ళం ఇందుకు బాగా పనికొస్తాయి. పిల్లలు, పశువులు తిరగని వేళ చూసుకోండి.

బ్యాటరీ విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

ఇవి లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు. ఫోన్ బ్యాటరీలా వదిలేస్తే కుదరదు. ఒక్కో సెల్ 4.2 వోల్టులకు మించి ఎక్కకూడదు. అంటే రెండు సెల్స్ ఉన్న ప్యాక్ 8.4, మూడు సెల్స్ ఉన్నది 12.6 వోల్టులు. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ మాత్రమే వాడండి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ను 5 ఆంపియర్ల దగ్గర పెడితే సుమారు గంటలో నిండుతుంది. నిప్పు అంటని సంచిలో పెట్టి, మీరు పక్కన ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి. రాత్రి పెట్టేసి పడుకోవద్దు. ఉబ్బిన ప్యాక్‌ను ఇంక వాడొద్దు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

మొదటి రేసుకు రెండు సెల్స్ ప్యాక్ చాలు. మూడు సెల్స్ పెడితే బండి వేగంగా పోతుంది, మీ వేలు ఇంకా ఆ వేగానికి అలవాటు పడలేదు. అలాగే, పూర్తిగా నింపిన ప్యాక్‌ను రోజుల తరబడి అలాగే ఉంచొద్దు. రేసు లేని వారాల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిల్వ పెట్టండి. ఛార్జర్‌లో స్టోరేజ్ అనే పద్ధతి ఉంటుంది.

రేసు రోజు ఏమేం తీసుకెళ్ళాలి?

బండి, ట్రాన్స్‌మిటర్, కనీసం రెండు ప్యాక్‌లు, ఛార్జర్, 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు, థ్రెడ్‌లాకర్, సూపర్ గ్లూ, పాత బ్రష్, గుడ్డ. విడిభాగాల్లో బ్రేక్ లివర్లు, హ్యాండిల్ బార్, ఒక సర్వో. మా ట్రాక్ దగ్గర నీడ తక్కువ కాబట్టి టోపీ, నీళ్ళు, మడత కుర్చీ కూడా. నేను పులిహోర డబ్బా తీసుకెళ్తాను. పక్క టేబుల్ వాళ్ళతో స్నేహం కలిసింది దానితోనే.

ట్రాన్స్‌పాండర్ అంటే ఏమిటి? కొనాలా?

ఫినిష్ లైన్ దగ్గర నేలలో ఒక వైరు లూప్ పాతి ఉంటుంది. బండిలోని చిన్న ట్రాన్స్‌పాండర్ దాని మీదుగా వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్‌లో మీ ల్యాప్ నమోదవుతుంది. కొన్ని ట్రాక్‌లు ఆ రోజుకు అద్దెకో ఊరికేనో ఇస్తాయి. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సొంతది కొంటే దాని నంబరు పేరు నమోదు చేసేటప్పుడు సరిగ్గా ఇవ్వండి. ఒక్క అంకె తప్పినా మీరు ఎంత బాగా నడిపినా లెక్కలోకి రాదు. వైరు రిసీవర్‌కు గట్టిగా తగిలించి, జంప్‌లకు ఊడకుండా కట్టండి.

ఆ రోజు రేసులు ఎలా నడుస్తాయి?

ఉదయం పేరు నమోదు, తర్వాత ప్రాక్టీస్ సమయం. ఆ తర్వాత ఒక్కో క్లాస్‌ను చిన్న గుంపులుగా విడగొడతారు. ఒక్కో గుంపును హీట్ అంటారు. రెండు మూడు రౌండ్ల క్వాలిఫయింగ్ జరుగుతుంది. దాని ఫలితాన్ని బట్టి చివర్లో మెయిన్స్, అంటే అసలు రేసులు. వేగంగా నడిపినవాళ్ళు 'A' మెయిన్‌లో, తర్వాతివాళ్ళు 'B' మెయిన్‌లో ఉంటారు. బైకుల క్లాస్‌లో మనుషులు తక్కువైతే అందరికీ కలిపి ఒకటే మెయిన్ ఉంటుంది.

అందరూ ఎత్తైన డ్రైవర్స్ స్టాండ్ మీద వరుసగా నిలబడి నడుపుతారు. పైకి ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్ ముందు, బండి తర్వాత ఆన్ చేయండి. ఆపేటప్పుడు బండి ముందు, ట్రాన్స్‌మిటర్ తర్వాత. ఈ వరుస తప్పితే బండి తనంతట తాను పరుగెత్తే ప్రమాదం ఉంది.

క్వాలిఫయింగ్‌లో సాధారణంగా ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు. దీన్ని ఇఫ్మార్ స్టార్ట్ అంటారు, ఇఫ్మార్ అనే అంతర్జాతీయ ఆర్‌సీ రేసింగ్ సమాఖ్య పేరు మీద. మీ గడియారం మీరు లైన్ దాటినప్పుడే మొదలవుతుంది కాబట్టి తొందర అక్కర్లేదు. మెయిన్స్‌లో అందరూ ఒకేసారి బయల్దేరతారు. గంట మోగాక కూడా రేసు వెంటనే ముగియదు. సమయం అయిపోయినప్పుడు మీరున్న ల్యాప్ పూర్తి చేసి లైన్ దాటాలి. నా మొదటి హీట్‌లో గంట వినగానే ఆపేశాను. చివరి ల్యాప్ నాకు లెక్కకు రాలేదు. పక్కన నిలబడ్డ పెద్దాయన నా భుజం తట్టి, లైన్ దాటేదాకా వేలు తీయొద్దని చెప్పారు.

మొదటి మలుపులో అందరూ ఒకేసారి వస్తారు. నేనేం చేయాలి?

ఒక బండి పొడవు వెనక ఉండండి. అక్కడ సగం బైకులు పడతాయి. పడినవాళ్ళ పక్కనుంచి మెల్లగా వెళ్ళేవాడికి రెండు మూడు స్థానాలు ఊరికే వస్తాయి.

వేగంగా నడపాలా, పడకుండా నడపాలా?

దీనికి నా జవాబు మారదు. పడకుండా నడపండి. మాట వరసకు చెప్పడం కాదు, లెక్క వేసి చూడండి. రేసు 5 నిమిషాలు అనుకుందాం. మొదటివాడు ల్యాప్‌ను 40 సెకన్లలో కొడతాడు కానీ ఐదుసార్లు పడతాడు. పడిన ప్రతిసారీ మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి పడిన బండ్లను లేపే మనిషి) పరుగెత్తుకొచ్చి లేపి, మళ్ళీ వేగం అందుకునేసరికి 8 సెకన్లు పోతాయి. రెండోవాడు 43 సెకన్లు తీసుకుంటాడు, ఒక్కసారీ పడడు. ఏడు ల్యాపులకు మొదటివాడికి 280కి తోడు 40, మొత్తం 320 సెకన్లు. రెండోవాడికి 301. ప్రతి ల్యాప్‌లో 3 సెకన్లు వెనకబడ్డవాడు 19 సెకన్లు ముందు ఉన్నాడు.

కారు రేసులో ఈ తేడా ఇంత ఎక్కువ ఉండదు. కారు పల్టీ కొట్టినా చాలాసార్లు చక్రాల మీదే పడుతుంది. బైక్‌కు ఆ అదృష్టం లేదు. రోడ్డు బైకులకు పక్కన ఇనుప కడ్డీలు ఉంటాయి కాబట్టి థ్రాటిల్ ఇస్తే కొన్నిసార్లు ఆ బైకులు వాటంతట అవే లేస్తాయి. మట్టిలో మాత్రం ఎక్కువగా మార్షల్ కోసం ఎదురు చూడాల్సిందే.

అందుకని కఠినమైన చోట వేగం తగ్గించండి. మీరు ప్రాక్టీసులో రెండుసార్లు పడ్డ మలుపు ఏదో గుర్తుపెట్టుకోండి. రేసులో ఆ ఒక్క మలుపును నడిచినంత మెల్లగా దాటినా నష్టం లేదు.

పడిపోయినప్పుడు నేను చేయాల్సిందేమైనా ఉందా?

వెంటనే థ్రాటిల్ పూర్తిగా వదిలేయండి. ఇది మీ కోసం కాదు, మార్షల్ వేళ్ళ కోసం. వెనక చక్రం, చైను తిరుగుతూ ఉంటే ఆయన చేయి పెట్టలేరు. అరవకండి. ఆయన బండిని నిలబెట్టి చేయి తీశాకే సన్నగా థ్రాటిల్ ఇవ్వండి. ఆత్రంగా ఇస్తే ముందు చక్రం పైకి లేచి మళ్ళీ వెనక్కి పడుతుంది.

మార్షల్ డ్యూటీ తప్పదా?

తప్పదు, తప్పించుకోకూడదు కూడా. చాలా ట్రాక్‌లలో మీ రేసు అయిపోగానే తర్వాతి రేసుకు మీరు మార్షల్‌గా నిలబడాలి. ఎగ్గొడితే మీ మంచి క్వాలిఫయింగ్ ఫలితం తీసేస్తారు. మీరు పడ్డప్పుడు ఎవరో ఎండలో నిలబడి పరుగెత్తుకొచ్చి మీ బండి లేపారు. మీరూ అదే చేయాలి.

మంచి మార్షలింగ్ కూడా ఒక విద్యే. బూట్లు వేసుకోండి. మీ వంతు మలుపు వైపే చూడండి, ఫోన్ జేబులో ఉండాలి. పరుగెత్తే ముందు వచ్చే బండ్లను చూసుకోండి. బైక్‌ను ముందు ఫెండర్ (మడ్‌గార్డ్), సీటు దగ్గర పట్టుకోండి, వెనక చక్రం దగ్గర వద్దు. ట్రాక్ సాగే దిశలో, నిటారుగా, వేరే బండికి అడ్డం కాని చోట పెట్టి వదలండి. ఒకేసారి రెండు పడితే దగ్గరున్న దాన్ని ముందు లేపండి, అది స్నేహితుడిదైనా కాకపోయినా.

జంప్‌ల మీద బండి ముక్కు కిందికి పడిపోతోంది. ఎందుకు?

గాల్లో ఉండగా వేలు వదిలేస్తున్నారు లేదా బ్రేక్ తగులుతోంది. వెనక చక్రం వేగం పెరిగితే బండి ముక్కు పైకి లేస్తుంది, చక్రం ఆగితే ముక్కు దిగుతుంది. నిజమైన మోటోక్రాస్ రైడర్లు వాడేదీ ఇదే. సన్నగా థ్రాటిల్ ఉంచి ఎక్కండి, గాల్లో అలాగే పట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, జంప్ ఎక్కేటప్పుడు బండి నిటారుగా ఉండాలి. వాలి ఎక్కితే వాలే దిగుతుంది. పెద్ద డబుల్ జంప్‌ను (వరుసగా ఉన్న రెండు గుట్టలు) మొదటి రేసులో ఒక్క గెంతులో దాటాల్సిన పని లేదు. దొర్లించి పోనివ్వండి.

వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలా?

ఒక ల్యాప్ ముందున్నవాళ్ళు వస్తుంటే అనౌన్సర్ చెప్తారు. ఉన్నట్టుండి పక్కకు తిప్పొద్దు, ఆగొద్దు. మీ గీత మీద మీరు తిన్నగా వెళ్ళండి. వెడల్పైన చోట కొద్దిగా బయటికి జరిగి లోపలి దారి వదిలితే చాలు.

స్టాండ్ ఎక్కగానే చేతులు వణుకుతున్నాయి. టెన్షన్ తగ్గేదెలా?

అందరికీ వణుకుతాయి. మీ కోసం ఒకే చోటు ఎంచుకుని ప్రాక్టీసులోనూ అక్కడే నిలబడండి. చోటు మారితే ట్రాక్ కొత్తగా కనిపిస్తుంది. కళ్ళు బండి మీద కాకుండా అది వెళ్ళబోయే చోట, అడుగున్నర ముందు పెట్టండి. పక్కవాళ్ళ బండి చూడకండి. నాకైతే మొదటి రెండు ల్యాపులు నెమ్మదిగా నడుపుతూ మలుపుల పేర్లు లోలోపల అనుకోవడం పనిచేసింది. "ఎడమ, గుట్ట, కుడి, వాలు." మాట మీద ధ్యాస పెడితే చేయి దారికొస్తుంది.

పిల్లలు పాల్గొనొచ్చా?

పాల్గొనొచ్చు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, నాకన్నా తొందరగా నేర్చుకుంది. బ్యాటరీ ఛార్జింగ్ మాత్రం పెద్దవాళ్ళే చూడాలి. చిన్న పిల్లలు మార్షల్‌గా నిలబడే వంతు వస్తే వాళ్ళ బదులు మీరు వెళ్ళండి.

ఇండియాకి తీసుకెళ్ళాలనుకుంటున్నాను. విమానంలో బ్యాటరీలు ఒప్పుకుంటారా?

విడి లిపో ప్యాక్‌లు చెక్ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి. వంద వాట్ అవర్ల లోపు ఉండాలి. రెండు సెల్స్ 5000 ప్యాక్ 37, మూడు సెల్స్ ప్యాక్ 55.5 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. కనెక్టర్లకు టేపు చుట్టి, ఒక్కోదాన్ని విడి సంచిలో పెట్టండి. ఎన్ని తీసుకెళ్ళొచ్చో మీ ఎయిర్‌లైన్‌ను అడగండి. ఇండియాలో తక్కువ శక్తితో పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వాడటానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు.

రేసు అయ్యాక ఇంటికొచ్చి ఏం చేయాలి?

అలసిపోయినా సరే, ఆ రాత్రే మట్టి దులపండి. ఎండిపోతే రాయిలా గట్టిపడుతుంది. నీళ్ళతో కడగొద్దు, బేరింగులు తుప్పు పడతాయి. బ్రష్‌తో దులిపి, చైనుకు కొద్దిగా నూనె పెట్టి తుడవండి. రెండు చక్రాలను వేలితో తిప్పి వినండి, గరగర వినిపిస్తే ఆ బేరింగు మార్చాలి. ప్రతి స్క్రూను మళ్ళీ ఒకసారి బిగించి చూడండి. ప్యాక్‌లను స్టోరేజ్ వోల్టేజికి తెచ్చిపెట్టండి. ఆ రోజు మీ ల్యాప్ టైములు కాగితం మీద రాసుకోండి, ఎన్నిసార్లు పడ్డారో, ఏ మలుపులో పడ్డారో పక్కనే రాయండి. వచ్చే వారం ప్రాక్టీసు ఆ మలుపు దగ్గర మొదలుపెట్టొచ్చు.